లోపలి గడియ

వాషింగ్ మెషీన్ ఆగితే గానీ టీచరమ్మకి రాసుకోవడానికి బల్ల దొరకదు. ఆగేదాకా ఓపిక పట్టలేని రోజున, అది తిరుగుతుండగానే దాని నెత్తిన కాగితాలు పరిచి దిద్దేస్తుంది. బట్టలు పిండే దశ వచ్చేసరికి మెషీన్ పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది, చేతిలో ఎర్ర పెన్సిలూ ఊగుతుంది, 'బాగుంది' అని రాస్తే ఎవరో గదమాయించి రాయించినట్టు వస్తుంది. "మేడమ్‌కి అప్పుడే చేతులు వణుకుతున్నాయి పాపం" అని పిల్లలు వెనకాల అనుకోవడం ఆమె చెవిన పడింది కూడా. పడితే పడిందని ఊరుకుంది. యూనివర్సిటీలో నగరాల గురించీ, జనం తలదాచుకునే ఇళ్ళ గురించీ పాఠం చెప్పే మనిషి, తన ఇంట్లో తనకొక బల్ల లేదని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

టీచరమ్మ అన్నది ఆమె మొగుడు పెట్టిన పేరు. ఆయన పేరున్న ఆర్కిటెక్టు. ఇంటికి ఎవరొచ్చినా, "ఈవిడ మా టీచరమ్మ, ఇళ్ళ గురించి క్లాసులు చెబుతుంది, కట్టడం మాత్రం నాకు వదిలేసింది" అని నవ్వుతాడు. వచ్చినవాళ్ళూ నవ్వుతారు. ఆమె కాఫీ కప్పులు అందిస్తూ తనూ నవ్వేది. ఒకసారి నవ్వకుండా చూసింది, ఏమవుతుందోనని. ఏమీ కాలేదు. ఆమె నవ్విందో లేదో ఎవరూ చూడలేదు.

ఆ రోజు మెషీన్ మంచి ఊపులో ఉండగా ఆర్కిటెక్టు గారు వెనక వరండాలోకి వచ్చాడు. బట్టలుతికే ఆ మూలకి ఆయన రావడం ఆమె ఎరగదు. ఇల్లు గీసినప్పుడు వచ్చాడేమో, అదీ కాగితం మీదే. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, తీరిగ్గా అన్నాడు.

"నీకో మంచి వార్త. ఇక నుంచి నీకు బరువు తగ్గుతుంది."

"ఏం బరువు?"

"నీ క్లాసు. మీ హెడ్డు గారు ఫోన్ చేశాడు. యూనివర్సిటీలో గృహనిర్మాణ కేంద్రం పెడుతున్నారట కదా, నీ కోర్సు దాంట్లోకి పోతోంది. దానికి ఒక పెద్ద పేరు కావాలన్నాడు. నేనొస్తానన్నాను."

ఆమె చేతిలో పెన్సిలు ఆగింది. మెషీన్ ఆగలేదు.

"మరి నేను?"

"నువ్వెక్కడికి పోతావ్? నాకు సహాయంగా ఉంటావు. హాజరు తీసుకోవడం, పేపర్లు దిద్దడం లాంటివి నువ్వు చూసుకో. ఇంట్లో మనిషివే కదా, నీదైతే ఏంటి, నాదైతే ఏంటి? అన్నట్టు, వచ్చే వారం కమిటీ ముందు ఒక క్లాసు చెప్పి చూపించాలట. నువ్వు పిల్లలతో ఆడిస్తావే, ఆ ఇల్లు గీసే ఆట, అది కాస్త శుభ్రంగా రాసిపెట్టు."

అని, మెషీన్ చప్పుడు భరించలేనట్టు మొహం పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. స్టడీ తలుపు మూసుకున్న చప్పుడు, లోపల గడియ పడిన చప్పుడు వినిపించాయి. టీచరమ్మకి ఒళ్ళంతా మంటెత్తిపోయింది. ఇన్నేళ్ళూ వచ్చిన కోపాలన్నీ వంటింటి పొగలాగా కిటికీలోంచి పోయేవి. ఈ కోపం పోలేదు, లోపలే తిష్ఠ వేసుకుని కూర్చుంది.

ఆయన ఆట అన్నది ఏంటో చెప్పాలి. టీచరమ్మ మొదటి క్లాసులో నగరమంటే ఏమిటో చెప్పదు. జనాభా లెక్కలు చూపించదు. తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, "నిన్న మీరు పడుకున్న ఇల్లు గీయండి. అందంగా అక్కర్లేదు, నిజంగా గీయండి" అంటుంది. తర్వాత ఎర్ర చుక్కలు పెట్టమంటుంది. పొద్దున ఆ ఇంట్లో ఎవరు ఎక్కడుంటారు, మధ్యాహ్నం ఎవరు ఎక్కడుంటారు, సాయంత్రం ఎక్కడ. చుక్కలన్నీ పెట్టాక ప్రశ్నలు మొదలవుతాయి. నిలబడేదెవరు, కూర్చునేదెవరు? కావాలనుకున్నప్పుడు లోపల గడియ పెట్టుకోగలిగేదెవరు? గోడల మీద మరకలు చూడమంటుంది, ఏ గడప ఎక్కువ అరిగిందో చూడమంటుంది, మనుషులు అబద్ధం చెప్పినా గడపలు చెప్పవంటుంది. అక్కణ్ణుంచి మెల్లగా వాకిలి దాటించి, సందులోకి, అద్దె ఇళ్ళ వరసల్లోకి, బస్టాపులోకి, మురుగు కాలవ పక్కన గుడిసెల్లోకి, కంచె వేసిన మేడల్లోకి తీసుకుపోతుంది. ఏడాది తిరిగేసరికి పిల్లలు నగరం మొత్తాన్ని అవే ప్రశ్నలు అడగడం నేర్చుకుంటారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. తప్పులు చేసి, క్లాసులో నవ్వులపాలై, ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతూ ఆలోచించి, ఆమె కట్టుకున్న పద్ధతి.

దానికొక నియమం ఉంది. మొదట బోర్డెక్కేది పాఠం చెప్పేవాళ్ళ ఇల్లే. ఆ నియమం ఊరికే పుట్టలేదు. మొదట్లో ఒక పిల్లవాడు మూడు పడగ్గదుల ఇల్లు గీశాడు, తోటతో సహా. తర్వాత తెలిసింది, వాళ్ళింట్లో ఆరుగురూ ఒకే గదిలో పడుకుంటారని. సిగ్గుతో అబద్ధం గీశాడు. ఆ రోజు ఆమెకి తల కొట్టేసినట్టయింది. తన ఇల్లు దాచుకుని పిల్లల ఇళ్ళు విప్పించడం ఏం న్యాయం? అప్పటి నుంచి ముందు తనే గీసేది, తనే జవాబులు చెప్పేది. పిల్లలు ఏమడిగినా చెప్పాలి, పక్కవాళ్ళు అందించకూడదు. కాకపోతే ఆమె ఎప్పుడూ గీసింది పుట్టి పెరిగిన ఇంటిని. మూడు కుటుంబాలకి ఒకే కుళాయి ఉన్న అద్దె వాటా. ఇప్పుడున్న ఇంటిని ఏనాడూ గీయలేదు.

ఎందుకు గీస్తుంది? ఆ ఇల్లు పత్రికలకెక్కిన ఇల్లు, బహుమతి కొట్టిన ఇల్లు. తలుపుల్లేని ఇల్లని దానికి పేరు. "గాలికీ వెలుగుకీ మనుషులకీ అడ్డు లేని ఇల్లు" అని ఆయన అంటాడు. వీధి తలుపు ఉంది, బాత్రూమ్‌లకి ఉన్నాయి, అవి తప్పవు కదా. పడగ్గదికి జరిపే తెర ఉంది, అది గాలికి కూడా జరుగుతుంది. ఇవి పోను, ఆ ఇల్లంతటికీ గడియ ఉన్న గది ఒక్కటే, ఆర్కిటెక్టు గారి స్టడీ. "నాకు ఏకాగ్రత కావాలి" అన్నాడు. ఏకాగ్రత ఆయనొక్కడికే పుట్టుకతో వచ్చిన జబ్బు మరి.

మొదటి ప్లానులో మెట్ల పక్కన ఆమెకీ ఒక చిన్న గది ఉండేది. పెన్సిల్‌తో 'తన గది' అని రాసి చూపించాడు కూడా. అప్పుడు ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది, పిచ్చి మొద్దు. గోడలు లేచాక ఒకరోజు వచ్చి చూస్తే ఆ గోడ లేదు. "తీసేయించాను. చూడు, వెలుగు ఎంత బాగా పడుతోందో" అన్నాడు. అక్కడొక పెద్ద కుండీలో మొక్కని పెట్టాడు. వచ్చినవాళ్ళందరూ ఆ మొక్కకి ఫొటోలు తీస్తారు. ఆమె దానికి నీళ్ళు పోస్తుంది, ఆకులు తుడుస్తుంది. తన గదిలో ఉంటున్న మొక్కకి చాకిరీ చెయ్యడం ఆమె ఒక్కతెకే చెల్లింది.

అత్తగారిది ఇంకో కథ. ఆవిడ మంచం హాల్లో ఒక మూల వేశారు. తోట కనిపిస్తుందని 'పెద్దల మూల' అని పేరు పెట్టాడు కొడుకు. తలుపు లేదు, తెర కూడా వద్దన్నాడు, ఇంటి అందం చెడుతుందట. ఆవిడ బట్టలు మార్చుకోవాలంటే బాత్రూమ్‌కి పోవాలి. పోయిన ఏడాది ఆ తడి నేల మీద కాలు జారింది. ఆ మధ్యాహ్నం టీచరమ్మ క్లాసులో ఉంది, కొడుకు స్టడీలో ఉన్నాడు. ఆవిడ గోడలు పట్టుకుని, కుంటుకుంటూ వచ్చి స్టడీ తలుపు తట్టింది. లోపల్నుంచి, "తలుపు వేసి ఉంటే తట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరుపు వినిపించింది. ఆవిడ మళ్ళీ తట్టలేదు. సాయంత్రం టీచరమ్మ వచ్చేసరికి ఆ తలుపు పక్కనే నేల మీద కూర్చుని ఉంది, తడి చీరతో, వాచిన మడమతో. "వాడికి పనుందమ్మాయ్" అంది. ఈగ వాలితే చాలు కోడలి మీద నానా యాగీ చేసే మనిషి, "రోజంతా కాలేజీలో కుర్చీ అరగదీసి రావడమే కదా నీ పని" అని ఇంటికొచ్చిన చుట్టాల ముందే అనే మనిషి, ఆ రోజు మాత్రం ఇంకో మాట మాట్లాడలేదు. కొడుకు మాత్రం, "చూసుకుని నడవాలి కదా అమ్మా" అన్నాడు.

అదీ ఆ ఇల్లు. దాన్ని ఇప్పుడు పోయి పోయి ఆయనే బోర్డు మీద పెట్టబోతున్నాడు. ఈ సంగతి తట్టగానే టీచరమ్మ మెషీన్ మీద చెయ్యేసి, చాలాకాలం తర్వాత, నిజంగా నవ్వింది.

మర్నాడు హెడ్డు గారి గదికి వెళ్ళింది. పోట్లాడదామనే వెళ్ళింది. ఆయన ఆమెని కూర్చోమని కూడా అనకుండా, "అమ్మా, మీరేం మనసులో పెట్టుకోకండి. మీరు బాగా చెబుతారు, కాదన్నదెవరు? కానీ మీ పేరు చెబితే బయటి నుంచి ఎవరొస్తారు చెప్పండి. మీ ఆయనైతే జనం ఎగబడతారు. బయటి పరువు ఆయనకి, లోపలి పని మీకు. ఇంట్లోనూ అంతేగా" అన్నాడు. తన మాటకి తనే మురిసిపోయాడు. ఆమెకి ఆ గుండ్రటి మొహం మీద పేపర్‌వెయిట్ విసరాలనిపించింది. విసరలేదు. అంతకంటే మంచిది తన దగ్గర ఉంది.

"క్లాసుకి వచ్చే పిల్లలెవరు సార్?" అని అడిగింది.

"మీ రెండో ఏడు పిల్లలే. కాస్త ముందే చెప్పి పెట్టండి, ఎక్కువ ప్రశ్నలడిగి ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దని. ముఖ్యంగా ఆ గొడవపిల్లకి."

గొడవపిల్ల అంటే ఆ డిపార్టుమెంటులో అందరికీ తెలుసు. దేన్నీ ఊరికే ఒప్పుకోదు, జవాబు దొరికేదాకా వదలదు. టీచరమ్మ గంగిరెద్దులా తలూపి బయటికొచ్చింది. పిల్లలకి ఏమీ చెప్పలేదు. అడగమనీ చెప్పలేదు, అడగొద్దనీ చెప్పలేదు. చెప్పాల్సింది ఏడాదిగా చెబుతూనే ఉంది.

ఇక రాసిపెట్టడం. ఒక్క మాట కూడా దాచకుండా రాసింది. నియమాలు, ప్రశ్నలు, పిల్లలు ఎటు నుంచి ఎటు లాగుతారో, ఎక్కడ జవాబు సిద్ధంగా ఉండాలో, అన్నీ. ఎవరైనా కసితో ఉంటే అబద్ధం రాస్తారు, పేజీలు మాయం చేస్తారు. ఈమె కసి వేరే రకం. నిజం మొత్తం చేతిలో పెట్టినా ఆ మనిషి చదవడని ఆమెకి తెలుసు. అంతకుముందు ఆమె వంటింట్లో అన్న మాటనే, 'ఇల్లంటే గోడలు కాదు, ఎవరి చేతిలో గడియ ఉందన్నది' అన్న మాటని, పత్రికలో తన ఫొటో కింద వేయించుకున్న ఘనుడు కదా. ఆ మాట అర్థం తెలిసి వేయించుకున్నాడా? అది తన మాటని ఆమె చూపిస్తే, "ఇంట్లో మాటలకి నీవీ నావీ ఏంటి?" అన్నాడు.

కాగితాలు అందుకుని మొదటి పేజీ చూశాడు. రెండోది తిప్పాడు. మూడోది తిప్పలేదు.

"ఇంతేగా? ఇల్లు చూపించడం, చుక్కలు పెట్టించడం. చిన్నపిల్లల ఆట. నా ఇంటి ఫొటోలు వేస్తే చాలు, నోరెళ్ళబెట్టి చూస్తారు."

"చివరిదాకా చదవండి. పిల్లలు అడుగుతారు" అంది ఆమె.

"అడగనీ."

"ఎవరు ఎక్కడ ఉంటారో అన్నీ అడుగుతారు. వేరే ఏ ఇల్లయినా గీయొచ్చు కావాలంటే, మీ చిన్నప్పటిది."

"ఏం, నా ఇల్లు నాకు తెలియదా?" అని నవ్వాడు. "టీచరమ్మా, నువ్వు భయపడకు. నేను చూసుకుంటాను."

మూడోసారి చెప్పలేదు ఆమె. వెళ్ళి ఆయన చొక్కా ఇస్త్రీ చేసింది. కాలరు దగ్గర రెండుసార్లు, పెళ్ళికొడుక్కి చేసినట్టు చేసింది.

ఆ రోజు రానే వచ్చింది. క్లాసు గది నిండిపోయింది. ముందు వరసలో కమిటీ కూర్చుంది. హెడ్డు గారు, రిజిస్ట్రారు గారు, బయటి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఆ పెద్దావిడ తెల్లజుట్టు ముడేసుకుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంది. టీచరమ్మ ఆఖరి బెంచీలో కూర్చుంది. ఆ గదిలో వెనకనుంచి బోర్డు ఎలా కనిపిస్తుందో ఆమెకి అదే మొదటిసారి తెలియడం.

ఆర్కిటెక్టు గారు బ్రహ్మాండంగా మొదలుపెట్టాడు. మాట తీరు ఎప్పుడూ బాగుంటుంది ఆయనది, ఆ మాట తీరు చూసే కదా ఆమె పెళ్ళాడింది. తెర మీద ఇంటి ఫొటోలు పడ్డాయి. తోట, మెట్లు, మొక్క. నేలలోంచే లేచినట్టున్న ఒకే రాతి భోజనబల్ల, ఇంట్లో దాని మీద కాగితం ముక్క కనిపించినా ఊరుకోడు. "ఇది కదలదు, ఒరగదు, ఈ ఇల్లున్నంత కాలం ఉంటుంది" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. తర్వాత ప్లాను పెద్దగా బోర్డుకి అంటించాడు. "ఇప్పుడు మనమొక ఆట ఆడదాం. ఎవరొస్తారు చుక్కలు పెట్టడానికి?" అన్నాడు.

గొడవపిల్ల లేచింది. హెడ్డు గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"సార్, పొద్దున్నే అందరికంటే ముందు లేచేదెవరు?"

"మా ఆవిడ."

"లేచి ఎక్కడుంటారు?"

"వంటింట్లో."

చుక్క పడింది. "మీరు సార్?"

"నేను లేచాక స్టడీలోకి వెళతాను." అక్కడొక చుక్క పడింది. మధ్యాహ్నం ఆయనది స్టడీలోనే, సాయంత్రమూ స్టడీలోనే. ఆ పిల్ల ప్రతిసారీ అదే చుక్క మీద మళ్ళీ చుక్క పెట్టింది. భార్యవి వంటింట్లో, మెట్ల మీద, మొక్క దగ్గర, అత్తగారి మంచం దగ్గర, వెనక వరండాలో, గింజలు ఒలికిపోయినట్టు ఇల్లంతా పడ్డాయి.

"ఇవన్నీ నిలబడే చుక్కలే సార్. మేడమ్ కూర్చునేదెక్కడ?"

"ఎక్కడైనా కూర్చోవచ్చు. తలుపుల్లేని ఇంటి అందమే అది." ఒకరిద్దరు నవ్వారు.

"ఎక్కడైనా అంటే చుక్క ఎక్కడ పెట్టను సార్?"

ఆయన ప్లాను అంతా ఓసారి చూశాడు. "భోజనబల్ల దగ్గర పెట్టమ్మా."

"మా పేపర్లు కూడా అక్కడే దిద్దుతారా?"

"అవును, అక్కడే."

వెనక నుంచి ఒక కుర్రాడు లేచాడు. చేతిలో వాడి పేపరు ఉంది. "కుదరదు సార్. ఆ బల్ల రాయిది, కదలదన్నారు ఇప్పుడే. మా పేపర్ల మీద అక్షరాలన్నీ వణికి ఉంటాయి. ఇది చూడండి, ఒకే పేజీలో పైన బానే ఉంది, కిందికొచ్చేసరికి వణుకు. చెయ్యి వణికితే పేజీ అంతా వణకాలిగా. కదులుతున్న దేనిమీదో పెట్టి రాశారు."

గది అంతా పేపర్లు తీసుకుని చూసుకోవడం మొదలుపెట్టింది. గొడవపిల్ల ఎర్ర పెన్ను పట్టుకుని ప్లాను మీద గది గదీ వెతికింది. వెనక వరండాలో ఒక చిన్న చదరం దగ్గర ఆగింది.

"సార్, ఇదేంటి?"

"అది... వాషింగ్ మెషీన్."

 పెద్దావిడ తన ఒళ్ళోని కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకుంది. ఆఖరి బెంచీలో టీచరమ్మ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఏడుపొస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. సంబరంగా ఉంది, సిగ్గులేకుండా సంబరంగా ఉంది. ఆ చదరం మీద తన చుక్క అంత ఎర్రగా ఎప్పుడూ కనబడలేదు.

"మీ అమ్మగారు మీతోనే ఉంటారన్నారు" అంది గొడవపిల్ల. "ఆవిడ ఎక్కడ?"

ఆయన తేరుకున్నాడు. ఇది తనకి బలమైన చోటనుకున్నాడు. "ఇక్కడ. పెద్దల మూల. మంచం మీద నుంచే తోట కనిపిస్తుంది."

"దీనికి తలుపు లేదు కదా. మరి ఆవిడ బట్టలు ఎక్కడ మార్చుకుంటారు సార్?"

"బాత్రూమ్ ఉందిగా."

"తడి నేల మీదా?"

ఆ పిల్ల వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. పెద్దావిడ మొదటిసారి నోరు విప్పింది. "మీ అమ్మగారి వయసెంతండీ?" ఆర్కిటెక్టు గారు వయసు వెంటనే చెప్పలేకపోయాడు. వేళ్ళు మడుస్తూ లెక్క వేసుకోవడం అందరూ చూశారు. అలవాటు ప్రకారం వెనక బెంచీ వైపు చూశాడు. పెళ్ళైన నాటి నుంచీ ఆయనకి ఏ పేరు గుర్తు రాకపోయినా, ఏ తారీఖు గుర్తు రాకపోయినా అందించేది ఆమే. ఆమెకి ఆ వయసు తెలుసు, నెలలతో సహా తెలుసు. నోరు విప్పలేదు.

"ఆఖరి ప్రశ్న సార్. లోపల గడియ ఉన్న గదులెన్ని? అందులో ఎవరుంటారు?"

ఆ జవాబు ప్లాను మీద కనిపిస్తూనే ఉంది. చుక్క మీద చుక్క పడి, స్టడీలో కాగితం ఎర్రగా తడిసినట్టుంది. ఆయనకి ఇక ఓపిక పోయింది. "ఏంటిది?" అని వెనక్కి చూసి అరిచాడు. "పిల్లల్ని నామీదికి ఉసిగొల్పుతావా? నీకేం తక్కువ చేశాను ఆ ఇంట్లో?"

హెడ్డు గారు చేతులు నలుపుకుంటూ లేచాడు. "మేడమ్, మీరైనా కాస్త సర్దిచెప్పండి."

టీచరమ్మ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "మూడో పేజీలో రాసిచ్చాను సార్. ఇల్లు బోర్డు మీద పెట్టినవాళ్ళే జవాబు చెప్పాలి, పక్కవాళ్ళు అందించకూడదు." మళ్ళీ కూర్చుంది.

"ఈ పద్ధతి ఎవరిది?" అని పెద్దావిడ అడిగింది. ఆర్కిటెక్టు గారిని కాదు, పిల్లల్ని అడిగింది. ఒక్కరూ పేరు చెప్పలేదు. గదిలో ఉన్న పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి ఆఖరి బెంచీ వైపు చూశారు.

ఆ తర్వాత హెడ్డు గారు కారిడార్‌లో వెంటపడ్డాడు. "అమ్మా, కమిటీ మిమ్మల్నే చూసుకోమంటోంది. ఆ పెద్దావిడ మరీ పట్టుబట్టింది. ఏదో ఒకటి మాట్లాడుకుందాం, మీరు రేపట్నుంచి యథాప్రకారం..." అన్నాడు.

"చూసుకోవడం కాదు సార్. కోర్సు నాది అని నా పేరు మీద కాగితం కావాలి. అది వచ్చేదాకా నేను క్లాసుకి రాను. కావాలంటే మీరు వెళ్ళి చెప్పండి. ముందు మీ ఇల్లు గీయాలి, మర్చిపోకండి."

 కాగితం ఆ పూటే వచ్చింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, భర్త మీద జాలి వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఆయన రిజిస్ట్రారు గారి వెంట ఎక్కడికో వెళ్ళాడు, పోయిన పరువు ఏరుకోవడానికి. మంచిదే, తనకి కాస్త వ్యవధి దొరికింది అనుకుంది.

ఇంట్లో అత్తగారు తన మూలన మంచం మీద కూర్చుని ఉంది. "వచ్చావా? మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు పొద్దున్నుంచీ" అంది మామూలుగా.

టీచరమ్మ నీళ్ళిచ్చి పక్కన కూర్చుంది. "ఇవాళ పిల్లలు మీ గురించి అడిగారు అత్తయ్యా."

"నా గురించా? నా గురించి ఎవడికేం పని?"

"మీరు బట్టలు ఎక్కడ మార్చుకుంటారని అడిగారు."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. తోట వైపు చూస్తూ అడిగింది. "వాడేమన్నాడు?"

"బాత్రూమ్ ఉందిగా అన్నారు."

"జారి పడ్డానని చెప్పాడా?"

"లేదు. మీ వయసు కూడా చెప్పలేకపోయారు."

అత్తగారు తిడుతుందేమో, నా కొడుకుని నలుగురిలో నగుబాటు చేశావా అంటుందేమోనని కోడలు ఎదురుచూసింది. అంటే ఆ మాటకీ తన దగ్గర జవాబు ఉంది. చివరికి ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "ఎవరో ఒకరు అడిగారన్నమాట" అంది. "పద. ఏదో చేద్దామనే వచ్చావు నువ్వు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

చీకటి పడేలోపే పని అయిపోయింది. ఆర్కిటెక్టు గారు ఇంటికొచ్చేసరికి ఆయన డ్రాయింగ్ బోర్డు, స్కేళ్ళు, పెన్నులు వెనక వరండాలో వాషింగ్ మెషీన్ మీద పద్ధతిగా సర్ది ఉన్నాయి. దుప్పట్లు వేసి ఉన్నాయేమో, మెషీన్ పిండే దశలో ఉంది. ఖరీదైన పెన్నులన్నీ చిందులేస్తున్నాయి. ఆయన కేక పెట్టి, తోడు కోసం చూసి, ఎవరూ కనబడక, స్టడీ దగ్గరికి వచ్చాడు. తలుపు తోశాడు. తెరుచుకోలేదు.

"ఏయ్, ఏంటిది? తలుపు తియ్! నా బోర్డు అక్కడెందుకుంది?"

టీచరమ్మ తలెత్తలేదు. విశాలమైన బల్ల మీద పేపర్లు పరుచుకుని దిద్దుతోంది. 'బాగుంది' అని రాసింది. అక్షరాలు ఎక్కడా వణకలేదు. వాటిని కాసేపు చూసుకుంది.

"పని చేసుకుంటున్నాను" అంది. "మీరూ చేసుకోండి. అక్కడ వెలుగు బాగా పడుతుంది."

తలుపు మీద దబదబా బాదాడు. "నీకు పిచ్చి పట్టింది! అమ్మా, ఎక్కడున్నావు? నువ్వైనా చెప్పవే దీనికి!"

ఆ అమ్మ లోపలే ఉంది. పొడి నేల మీద నిలబడి, తొందర లేకుండా, ఉతికిన చీర కట్టుకుంటోంది. కుచ్చిళ్ళు సరిచేసుకుని, కొంగు భుజాన వేసుకుని, తలుపు వైపు తిరిగింది.

"తలుపు వేసి ఉంటే తట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా?"